దేవుడి వాటా గోళీలు

తెల్లవారగానే క్లెర్‌మీజ్ గోపురం కట్టేది.

ఒక పెద్ద ప్లాస్టిక్ బకెట్టు, అందులో నిలబెట్టిన అట్ట బురుజు, దాని చుట్టూ అడుగునుంచి కొస దాకా మాత్రల షీట్లు. ఒక్కో వరసకి ఒక్కో రబ్బరు బ్యాండు. ఒళ్ళునొప్పుల తెల్లబిళ్ళలు అడుగున, నులిపురుగులవి వాటిపైన, కడుపుమంటకి వేసుకునే గులాబీరంగువి నడుమన. అన్నిటికన్నా పైన, దూరంనుంచే కంటికి ఆనేలా, సగం ఎరుపు సగం పసుపు గొట్టం గోళీలు. కొసన కత్తెర గుచ్చితే గోపురానికి కలశం పెట్టినట్టుండేది.

మా హైతీ కొండల మీద మందుల షాపంటే ఇదే. దాని దగ్గరికి మనం పోనక్కర్లేదు, అదే మన గుమ్మంలోకి నడిచొస్తుంది.

గోపురం పూర్తయినా క్లెర్‌మీజ్ వెంటనే బకెట్టు నెత్తికెత్తుకునేది కాదు. సిలువ గుర్తు వేసుకుని, పై షీటులోంచి రెండు గొట్టం గోళీలు కత్తిరించి, రుమాలు చెంగున ముడేసుకునేది. అవి దేవుడి వాటా. దారిలో మొదట ఎవరు దగ్గితే వాళ్ళకి. బోణీ కాకముందే ఇచ్చేసేది, ఒక్క గూర్ద్ డబ్బు కూడా పుచ్చుకునేది కాదు. మొగుడు చనిపోయిన ఏడాది ఈ వ్యాపారంలో దిగినప్పుడు దేవుడికిచ్చిన మాటట అది.

మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ ఒకటే కంచె. ఆమె మనవరాలు నైకాకి గుడిలో జ్ఞానస్నానమప్పుడు ఎత్తుకుని నిలబడ్డది నేనే. అప్పట్నుంచి క్లెర్‌మీజ్ నన్ను వదినా అని పిలిచేది. నైకా తల్లి సరిహద్దు దాటి అవతలి దేశంలో ఇళ్ళపనికి పోయింది. పిల్ల చంటిబిడ్డగా ఉన్నప్పటినుంచీ అమ్మా నాన్నా అన్నీ క్లెర్‌మీజే. ఆమె బయటికి పోతే పిల్ల మా ఇంట్లో ఉండేది.

పొద్దు వాలే వేళకి కొండ మలుపులో కత్తెర చప్పుడు వినబడేది. టిక్, టిక్. అమ్మేటప్పుడు జనాన్ని పిలవడానికి ఆడించే కత్తెరని ఇంటికొచ్చేటప్పుడు మనవరాలి కోసం ఆడించేది. నైకా ఏం చేస్తున్నా వదిలేసేది. నోట్లో మొక్కజొన్న సంకటి ఉన్నా సరే, మెడ నిక్కించి, రెండు చేతులూ నేలకి కొట్టి, కంచె వైపు దోగాడేది. "అదిగో, గంట కొట్టారు, పూజకి బయల్దేరింది మా అమ్మగారు" అని నేను నవ్వేదాన్ని.

దారిలో ఆమెకి మొదట తగిలేది ఆంసెల్మ్ తాత. వరండాలో కాఫీ తాగుతూ, ఆమెను చూడగానే కావాలని దగ్గేవాడు.

"దొంగదగ్గు తాతా. దేవుడికి చెవులున్నాయి" అనేది క్లెర్‌మీజ్.

"దేవుడికున్నాయి గానీ నీకే లేవు. నిజం దగ్గుకీ దొంగదగ్గుకీ తేడా ఎరగవు. సరేలే, యవ్వనానికి గోళీ ఉంటే ఒకటియ్యి."

"నిన్ననే అయిపోయింది. ఫాదరుగారు పట్టుకెళ్ళారు."

తాత కాఫీ పొరబోయి నిజంగానే దగ్గేవాడు. నవ్వుతూనే ఆ రెండూ ఆయన అరచేతిలో పెట్టేసేది. నేను గబుక్కున సిలువ గుర్తు వేసుకునేదాన్ని గానీ, నాకూ నవ్వు ఆగేది కాదు.

ఆమె చేతి గోళీలు మింగని వాళ్ళు మా కొండ మీద లేరు. పిల్లాడు దగ్గితే గొట్టం విప్పి ఆ పొడి తేనెలో రంగరించేవాళ్ళం. కొడవలి తగిలి తెగితే అదే పొడి గాయం మీద చల్లేవాళ్ళం. ఎవరూ పేరు అడగరు. "రెండు రంగులది ఇయ్యి" అంటే చాలు. రెండు రంగులది కాబట్టి రెండే మింగాలని మాకు ఎవరు చెప్పారో తెలీదు. మా అమ్మా రెండే మింగేది. దగ్గు తగ్గితే గోళీ గొప్ప. తగ్గకపోతే మన రాత.

నెలకోసారి మిస్ ఎర్లాంద్ చల్లపెట్టె భుజాన వేసుకుని కింది ఆరోగ్యకేంద్రంనుంచి ఎక్కివచ్చేది. నర్సమ్మని ఇక్కడ అందరూ మిస్ అనే పిలుస్తారు. గుడి గోడ నీడలో బల్ల వేసుకుని పిల్లలకి సూదులు వేసేది. చెప్పులు ఊడదీసుకుని, పాదాలు నొక్కుకుంటూ కూర్చునే ఆమెకి ఎవరో ఒకరు కొబ్బరిబొండం కొట్టి తెచ్చేవారు. నైకాకి ఊపిరితిత్తుల జబ్బు రాకుండా వేసే సూదులు రెండు అక్కడే పడ్డాయి. రెండుసార్లూ పిల్లకన్నా క్లెర్‌మీజే ఎక్కువ ఏడ్చింది.

మూడో సూది నాడు నైకాకి జలుబు చేసింది. ముక్కు కారుతోంది, కాస్త దగ్గు. క్లెర్‌మీజ్ పొద్దున్నే దేవుడి వాటా రెండూ మనవరాలికే వేసింది. పిల్లని మాత్రం గుడికి తీసుకురాలేదు. మిస్ ఎర్లాంద్ తనే కంచె దాకా వచ్చి అడిగింది.

"ఏం క్లెర్‌మీజ్, పిల్లేది?"

"దగ్గుతోంది మిస్. దగ్గే పిల్లకి సూది వేస్తే ఆ వేడి గుండెల్లోకి దిగదూ?"

"దిగదు. చిన్న దగ్గుకి సూది ఆపక్కర్లేదు. తీసుకురా."

"గోళీలు వేశాలెండి. మందు మీద మందు ఎందుకు? పైనెలకి తెస్తా, మరియమ్మ మీద ఒట్టు."

"నీ గోళీ దొంగొచ్చాక కొట్టే కర్ర. నాది తలుపు గడియ. రెండు మేకులు కొట్టాను. మూడోది కొడితేనే గడియ నిలిచేది" అంది మిస్. ఎండ ఎక్కుతోంది, ఇంకా ఎక్కాల్సిన ఊళ్ళున్నాయి. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

పైనెల మిస్ రాలేదు. కింద రోడ్డు మీద సాయుధులు అడ్డంగా టైర్లు కాలుస్తున్నారని, లారీలు కదలడం లేదని కబురొచ్చింది. ఆ తర్వాత నెల ఆరోగ్యకేంద్రంలో ఫ్రిజ్జు నడిపే గ్యాసు అయిపోయిందన్నారు. గ్యాసు లేకపోతే చల్లదనం లేదు, చల్లదనం లేకపోతే సూది లేదు. క్లెర్‌మీజ్ కిందికి దిగినప్పుడల్లా అడిగి వచ్చేది. "ఈసారీ లేదు వదినా. ఫ్రిజ్జులో మిస్ గారి ఉల్లిపాయలున్నాయి" అని చెప్పేది. నవ్వు కోసం చెప్పినా నవ్వేది కాదు.

క్రిస్మస్ ముందు ఉత్తరపు గాలి మొదలైంది. నైకా అప్పుడప్పుడే కంచె పట్టుకుని నిలబడుతోంది. ఒకరోజు జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. క్లెర్‌మీజ్ రెండు గోళీల పొడి వేసింది. తగ్గలేదు. మళ్ళీ వేసింది. మర్నాటికి పిల్ల ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది, డొక్కలు లోపలికి పోతున్నాయి. ఆమె పై షీటు మొత్తం పీకి నా చేతిలో పెట్టింది.

"ఇందులో ఎన్ని వేస్తే ఆగుతుంది వదినా? ఎన్నో చెప్పు, అన్నీ వేస్తా."

నాకేం తెలుసు? ఇద్దరం జపమాల పట్టుకున్నాం. మధ్యలో పిల్ల కళ్ళు పైకి తేలేసి మెడ బిర్రబిగుసుకుపోయింది. జపం అక్కడితో ఆపి ఆంసెల్మ్ తాత గాడిద కోసం పరుగెత్తాను. ఆ గాడిదని ఆయన సొంత కొడుక్కి కూడా ఇచ్చేవాడు కాదు. నేను నోరు తెరవకముందే పగ్గం విప్పాడు. పక్కపెరటి ఈవ్‌రోజ్, తన చంటివాడు కెర్వెన్స్‌ని చంకనేసుకునే వచ్చి, ఉడకేసిన అరటికాయలు గుడ్డలో కట్టి నా భుజాన తగిలించింది. కొండ కింద మోటారుసైకిలు నడిపే మనిషి, పిల్లని చూసి, డబ్బు మాట ఎత్తకుండా బండి తీశాడు. దేవుడు మమ్మల్ని వదలలేదని అప్పుడు అనుకున్నాను. ఇన్ని చేతులు మోస్తుంటే పిల్ల ఎక్కడ జారిపోతుందిలే అనుకున్నాను.

క్లెర్‌మీజ్ బకెట్టు కూడా తెచ్చింది. పట్నంలో ఏది కావాలన్నా అమ్ముకుని కొనొచ్చని కాబోలు.

ఆసుపత్రి వార్డులో మంచానికి ఇద్దరు పిల్లలు. డాక్టరమ్మ చిన్నదే, కళ్ళకింద నలుపు. నైకా వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకి పంపింది. నరానికి మందు ఎక్కించింది. ఆ మందుకి జ్వరం దిగలేదు. ఇంకో మందు మార్చింది. ఆ పొద్దు కాస్త దిగినట్టే దిగి మళ్ళీ ఎగిసింది. పరీక్ష కాగితం వచ్చాక మా దగ్గరికొచ్చి మంచం అంచున కూర్చుంది.

"పిల్లకి ఇంటి దగ్గర ఏం వేశారమ్మా?"

"రెండు రంగులది, డాక్టరమ్మా."

"ఎన్నాళ్ళు?"

"నాళ్ళేంటమ్మా? దగ్గినప్పుడల్లా రెండేసి. మా కొండ మీద ఎవరికైనా అంతే."

డాక్టరమ్మ మంచం కింద ఉన్న గోపురం వైపు చూసింది. అప్పుడు అర్థమైనట్టుంది ఆ ఇచ్చేది ఎవరో. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచి ఉంటే బాగుండేదని క్లెర్‌మీజ్ తర్వాత నాతో అంది.

"అమ్మా, ఈ పురుగు పిల్లల ముక్కుల్లో ఊరికే కాపురం ఉంటుంది. ఏమీ చేయదు. ఎప్పుడో ఒకసారి లోపలికి దిగుతుంది, గుండెల్లోకి, తలలోకి. రెండు గోళీలు వేస్తే మెత్తనివి చస్తాయి, మొండివి మిగులుతాయి. మిగిలినవే పిల్లలు పెడతాయి. అవే పక్కింటి పిల్లాడి ముక్కులోకి పోతాయి. ఇలా ఏళ్ళ తరబడి జరిగింది. ఒక్క మీ కొండ మీదే కాదు, దేశమంతా. ఇప్పుడు నైకా తలలో ఉన్నది మొండిది. నా దగ్గరున్న మందులకి లొంగడం లేదు."

"లొంగే మందు లేదా?"

"ఉంది. ఇక్కడ లేదు. రాజధానినుంచి రావాలి. రోడ్డు..." అని ఆగిపోయింది. రోడ్డు సంగతి ఒకరికొకరు చెప్పుకోవాల్సింది కాదు.

"సూది మూడోది వేయించి ఉంటే?" అని అడిగింది క్లెర్‌మీజ్. తనే అడిగింది. నేను చెయ్యి పట్టుకుని ఆపబోయాను.

"చాలామట్టుకు దాన్ని లోపలికి రానిచ్చేది కాదు" అంది డాక్టరమ్మ. "సూదికి మొండీ మెత్తా తేడా లేదమ్మా. కానీ ఖాయంగా అని నేను చెప్పలేను. నువ్వొక్కదానివే చేశావని కూడా చెప్పలేను."

మందు కోసం కూర్చున్నాం. కిటికీలోంచి రోడ్డు కనిపించేది. దుమ్ము లేస్తే ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం. బొగ్గుల బస్తాల లారీ. కోళ్ళ బుట్టల బండి. మళ్ళీ కూర్చునేవాళ్ళం. వార్డు తుడిచే ముసలామె ఒకతి, ఎవరూ చెప్పకుండానే, మా మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా చీపురు ఆపి, చప్పుడు కాకుండా దాటి వెళ్ళేది.

ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. ఎదురు మంచం తల్లి, ఆమె కొడుక్కి కాలు విరిగి కట్టు కట్టారు, మా మంచం కింద గోపురం చూసి దగ్గరికొచ్చింది.

"అక్కా, వీడు రాత్రంతా దగ్గాడు. రెండు రంగులది రెండియ్యవా?"

క్లెర్‌మీజ్ చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. షీటు అంచుకి కత్తెర ఆనించి అలా ఉండిపోయింది.

"అయిపోయాయి చెల్లీ" అంది.

"అయిపోవడమేంటి, నీ చేతిలోనే ఉందిగా! డబ్బులు ఎగ్గొడతాననుకున్నావా? చూడబోతే పెద్దదానివి, మనసు మాత్రం గోరంత."

"డాక్టరమ్మని అడుగమ్మా. చూసి ఇస్తుంది."

"డాక్టరమ్మకి నూరుమంది. నువ్వు అమ్ముకునేదానివే కదా, ఇందులో నీకేం పోయింది?"

క్లెర్‌మీజ్ ఇరవై ఏళ్ళుగా, దగ్గిన వాడికి లేదనని మనిషి. ఆమె ముఖం ఆ పొద్దు చూశాను, మళ్ళీ చూడాలని లేదు. కాసేపటికి నేనే వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చాను. ఆమె పిల్లాడి వీపు మీద గొట్టం పెట్టి విని, ఉత్త జలుబే, ఏ గోళీ అక్కర్లేదు, వేడినీళ్ళు తాగించమంది. ఆ తల్లి మా వైపు చూస్తూ కొడుకుతో, "చూశావా, వీళ్ళంతా ఒకటే" అంది.

మందు వచ్చింది. కన్యాస్త్రీల బండి ఒకటి అడ్డాలు దాటుకుని ఎలాగో తెచ్చింది. ఆలస్యంగానే వచ్చింది గానీ వచ్చింది. జ్వరం దిగింది. నైకా కళ్ళు తెరిచింది, పాలు తాగింది. క్లెర్‌మీజ్ ఆ డాక్టరమ్మ చేతులు ముద్దుపెట్టుకుంటే ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "ఇంటికెళ్ళాక పిల్లని గమనించమ్మా" అంది. ఏం గమనించాలో ఆ సంతోషంలో మేం అడగలేదు.

కొత్త సంవత్సరం నాడు ఇంటింటా కాచుకునే గుమ్మడికాయ సూపు, ఆ రోజు దాటిపోయినా, మా కోసం ఈవ్‌రోజ్ మళ్ళీ కాచింది. పెరడంతా జనం. ఆంసెల్మ్ తాత గాడిద మెడలో ఎవరో ఎర్రరిబ్బను కట్టారు. నేను స్తుతిగీతం ఎత్తుకున్నాను, అందరూ అందుకున్నారు. నైకా చాప మీద కూర్చుని బొట్టన వేలు చీకుతోంది. చప్పట్లు కొడుతుంటే ఎప్పుడూ ఊగే పిల్ల, ఊగడం లేదు. నీరసం అనుకున్నాను.

క్లెర్‌మీజ్ లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చింది. పిల్ల వెనక నిలబడి, నవ్వుతూ, టిక్ టిక్ అని ఆడించింది.

పిల్ల తిరగలేదు.

ఇంకాస్త ఒంగి ఆడించింది. చెవి పక్కన ఆడించింది. కత్తెర నీడ చాప మీద కదిలితే నైకా ఆ నీడని పట్టుకోబోయింది. చప్పుడుకి మాత్రం తల ఎత్తలేదు. అందరూ పాడుతూనే ఉన్నారు. నేనొక్కదాన్నే చూశాను. పాట ఆపలేకపోయాను. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. క్లెర్‌మీజ్ కత్తెర ముడిచి జేబులో వేసుకుని, వచ్చినవాళ్ళకి సూపు వడ్డించడానికి వెళ్ళింది.

మిస్ ఎర్లాంద్ వచ్చి చూసి, జబ్బు తలకెక్కిన పిల్లల్లో కొందరికి వినికిడి పోతుందని, పోతే తిరిగి రాదని చెప్పింది. దేవుడి చిత్తం అని నేను అనబోయాను. నోరు రాలేదు. ఇప్పటికీ ప్రార్థనలో ఆ మాట దగ్గర కొంచెం తడబడతాను. ఆయన క్షమిస్తాడు.

క్లెర్‌మీజ్ వ్యాపారం మానలేదు. మానితే తినేదేముంది? గోపురం కొస మాత్రం ఖాళీ అయింది. ఎరుపు పసుపు తీసేసింది. దగ్గు అంటే కిందికెళ్ళి చూపించుకోమనేది. జనానికి నచ్చలేదు. ఆంసెల్మ్ తాత ముఖం మీదే అన్నాడు.

"నీ మనవరాలికి పనిచేయలేదని మా అందరికీ మందు మానిపిస్తావేమే? దేవుడి వాటా ఎగ్గొట్టావు, చూసుకో."

"మొత్తం వేసుకోవాలి తాతా, డాక్టరు ఎన్నంటే అన్ని. లేకపోతే అసలొద్దు."

"డాక్టరు! నా గాడిదకి ఎక్కువ తెలుసు." ఆ మాటన్నాక తనే నొచ్చుకుని, లోపలికెళ్ళి నైకా కోసం రెండు మామిడిపళ్ళు తెచ్చి బకెట్టులో వేశాడు.

వారం తిరక్కుండా అవతలి కొండనుంచి ఇంకో అమ్మేవాడు రావడం మొదలెట్టాడు. వాడి గోపురం నిండా రెండు రంగులే. క్లెర్‌మీజ్ వాడి వెంటబడి చెప్పింది, బతిమాలింది. "నువ్వమ్మినన్నాళ్ళూ మంచిదేనా అమ్మా, నేనమ్మితే చెడ్డదైందా?" అన్నాడు వాడు. క్లెర్‌మీజ్ ఆ రోజు ఇంటికొచ్చి, కంచె మీద తల పెట్టుకుని, "వదినా, ఇన్నేళ్ళు నేను పంచింది తిరిగి ఏరుకోవాలంటే ఎలా?" అంది. కొండ మీద ప్రతి ముక్కూ ప్రతి గొంతూ ఎలా ఏరతాం? ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాను.

మొన్న కింది కేంద్రానికి గ్యాసు వచ్చింది. సూదులొచ్చాయట. మిస్ ఎర్లాంద్ మోకాలు వాచి కొండ ఎక్కలేకపోతోంది, పిల్లల్నే కిందికి తీసుకురావాలి. నైకాకి ఆసుపత్రిలోనే వేసి పంపారు గానీ, ఈవ్‌రోజ్ కొడుకు కెర్వెన్స్‌కి మూడో సూది మిగిలే ఉంది. కానీ వాడికి జలుబు. దగ్గే పిల్లాడితో అంత దూరం దేనికని, ఈవ్‌రోజ్ అవతలి కొండవాడి దగ్గర రెండు గోళీలు తీసుకుని దాచిందని నాకు తెలుసు. క్లెర్‌మీజ్‌కి చెప్పింది నేనే.

ఈ పొద్దున ఆమె గోపురం కట్టలేదు. చప్పుడు లేకపోతే నేను కంచె దగ్గరికి వెళ్ళి చూశాను. ఉతికిన గౌను వేసుకుని, నైకాని ఎత్తుకుని, పిల్లల్ని వీపున కట్టుకునే గుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉంది. నైకాని నా చేతుల్లో పెట్టింది. పిల్ల నా పెదాల మీద వేళ్ళు పెట్టింది. ఈమధ్య మాట్లాడే వాళ్ళ పెదాలు పట్టుకుంటోంది.

క్లెర్‌మీజ్ ఈవ్‌రోజ్ గుమ్మం ముందుకెళ్ళి, ఎవరింటికెళ్ళినా పలకాల్సిన మా పద్ధతి ప్రకారం బయటినుంచే పిలిచింది.

"గౌరవం!"

"మర్యాద!" అని లోపల్నుంచి జవాబొచ్చింది. ఈవ్‌రోజ్ పిల్లాణ్ణి చంకనేసుకుని బయటికొచ్చింది. బకెట్టు లేని క్లెర్‌మీజ్ నెత్తి చూసి, "ఏంటి పిన్నీ, గుడికా?" అంది.

"కాదు తల్లీ, ఒక సాయం అడగడానికొచ్చా. నీ బిడ్డని ఈ ఒక్క పూట నాకు అరువియ్యి. దగ్గుతున్నాడని తెలుసు. నువ్వు దిగనక్కర్లేదు, ఎక్కనక్కర్లేదు. నేనే వీపున మోసుకెళ్ళి, మిస్ చేత సూది వేయించి, ఎండ ముదరకముందే తెచ్చి నీ ఒళ్ళో పెడతా. ఇన్నాళ్ళూ నా చేతినుంచి ఏదిచ్చినా అడక్కుండా పుచ్చుకున్నావు. ఇవాళ నేను అడుగుతున్నా, నువ్వియ్యి."